మంచిగా బతికితే చాలదా? క్రైస్తవ విశ్వాసం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు చుట్టుపక్కల యూత్ కూడికల్లోనూ, సెమీ క్రిస్మస్ భోజనాల దగ్గరా, ఒక్కోసారి ఎవరినో సమాధి చేసి తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చున్నవాళ్ల నోటా పదే పదే వినపడే ప్రశ్నలివి. నేను పాస్టర్ని కాను, సండే స్కూల్లో పెద్ద పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, కాబట్టి సెమినరీ భాష ఆశించకండి. వాక్యం ఎక్కడుందో రాశాను, బైబిలు తీసి మీరే చూసుకోండి.

నేను ఎవరికీ అన్యాయం చేయను, చేతనైన సాయం చేస్తాను. ఇంకా విశ్వాసం ఎందుకు?

అలా బతుకుతుంటే ముందు సంతోషం, అది మాత్రం ఆపకండి. కానీ "ఎవరికీ అన్యాయం చేయను" అనే మాట మనం మన గురించి చెప్పుకుంటున్నది, మన ఇంట్లోవాళ్లను, మన దగ్గర పనిచేసేవాళ్లను అడిగితే అదే మాట చెబుతారా అనేది వేరే సంగతి. మార్కు 10లో ఆస్తిపరుడొకడు యేసు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, చిన్నప్పటి నుంచి ఆజ్ఞలన్నీ పాటిస్తున్నానంటాడు. అబద్ధమేం కాదు, యేసు కూడా కాదనలేదు, అతన్ని ప్రేమించాడని రాసి ఉంది. తర్వాత ఒక్కటే అడిగాడు, ఉన్నదంతా అమ్మి బీదలకు ఇవ్వమని. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. అతను పాటించిన మంచితనమంతా నిజమే, చెయ్యి పెట్టనివ్వని చోటు ఒకటి మిగిలిపోయిందంతే. అలాంటి చోటు నాకూ ఉంది, మీకూ ఉంటుంది. దాన్ని ఎవరు ముట్టుకుంటారు అన్న దగ్గరే విశ్వాసం మొదలవుతుందని నా అభిప్రాయం. ఇక మంచివాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్ అని దాన్ని బైబిలు ఎక్కడా చెప్పలేదు, చెప్పేది మన ప్రసంగాలే.

అంటే నమ్మనివాళ్లలో మంచివాళ్లు లేరంటారా?

ఎవరన్నారు? మా వీధిలో కరెంటు పోతే, జ్వరమొస్తే, అర్ధరాత్రి ఆటో కావాలంటే నేను ముందు తలుపు కొట్టేది ఏ మందిరానికీ వెళ్లని ఇంటిదే. బైబిలు కూడా ఈ విషయంలో మనకంటే ధారాళంగా ఉంది. ధర్మశాస్త్రం లేని అన్యజనులు తమ మనస్సాక్షిని బట్టే ధర్మశాస్త్రం చెప్పింది చేస్తారని పౌలు రోమా 2:14, 15లో రాశాడు. అపొస్తలుల కార్యాలు 10లో కొర్నేలీ రోమా సైన్యంలో శతాధిపతి, బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు, అయినా అతని ధర్మకార్యాలు దేవుని సన్నిధికి చేరాయని దూత వచ్చి చెప్పింది. మంచి సమరయుడి కథ ఎవరికి చెప్పారో కూడా చూడండి. అడిగినవాడు ధర్మశాస్త్రోపదేశకుడు. కథలో దెబ్బలు తిన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకుపోయినవాళ్లు యాజకుడూ లేవీయుడూ, అంటే మన లెక్కలో పాస్టరుగారూ సంఘపెద్దా. ఆగినవాడేమో యూదులు కలిసి నీళ్లు కూడా తాగని సమరయుడు. ఈ కథ మీద వందల ప్రసంగాలు విన్నాం, పక్కింటి అన్యుడు నాకంటే మంచివాడేమో అని ముగించిన ప్రసంగం మాత్రం నాకు తగల్లేదు.

రక్షణ క్రియల వల్ల కాదు, కృప వల్లే అంటారు. అలాంటప్పుడు మంచిగా ఉండి ఏం లాభం?

కూడికల్లో ఎక్కువ వాదన దీని మీదే. ఒక పక్క ఎఫెసీ 2:8, 9 ఉంది: రక్షణ దేవుని వరం, క్రియల వల్ల కాదు, ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు. ఇంకో పక్క యాకోబు 2:26 ఉంది: క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేని శరీరంలాంటిది. ప్రొటెస్టంటు ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌కే ఈ యాకోబు లేఖ మింగుడుపడలేదు, 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు ముందుమాటలో దాన్ని గడ్డితో పోల్చాడు. ఈ గొడవ మీద చర్చి రెండుగా చీలి కొన్ని వందల ఏళ్లు కొట్టుకుంది. చివరికి 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టారు. 1517లో లూథర్ గొడవ మొదలుపెట్టిన తేదీ కూడా అదే, అక్టోబరు 31. దాని సారం ఏంటంటే, దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లే, మన యోగ్యత వల్ల కాదు, ఆ కృపే మనల్ని సత్క్రియలు చేసేవాళ్లుగా సిద్ధం చేస్తుంది. పెద్దపెద్ద పండితులు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చింది ఎఫెసీ 2లో ఆ పక్క వచనంలోనే ఉంది. మనం 8, 9 కంఠతా పట్టి 10ని వదిలేస్తాం. సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామని పదో వచనం.

ఇక "ఏం లాభం" అన్న ప్రశ్నకి పౌలు రోమా 6 మొదట్లోనే జవాబిచ్చాడు. కృప ఎక్కువ కావాలని పాపంలోనే ఉండిపోదామా అని ఆయనే అడిగి, అట్లనరాదు అని ఆయనే తోసేశాడు. లాభం చూసుకుని తల్లికి మందులు తెచ్చే కొడుకుని మనం మంచి కొడుకు అనం కదా.

దేవుడు నా పాపం క్షమించాడు. ఇంక ఎదుటివాడికి నేనేం ఇవ్వాలి?

ఈ పేజీ రాయాలనిపించిందే ఈ ప్రశ్న వల్ల.

మన వైపు చాలా కాలనీల్లో ఎవరో ఒక అక్క చీటీలు నడుపుతూ ఉంటుంది. రిజిస్ట్రేషన్లూ అవీ ఏమీ ఉండవు, నమ్మకమే. నెలనెలా పాట, ఒక నోటు పుస్తకం, అందులో పేర్లూ టిక్కులూ. అలాంటి ఒక చీటీ మధ్యలో ఆగిపోయింది. కట్టించుకున్న ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వేరే ఏరియాకి వెళ్లిపోయింది, కొన్నాళ్లకు ఒక కూడికలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది: నేను అప్పుల్లో మునిగిపోయాను, చావాలనుకున్నాను, ప్రభువు నన్ను విడిపించాడు, ఇప్పుడు నాకు ఏ టెన్షనూ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు, స్తోత్రం అన్నారు. మూడో వరసలో చాప మీద ఒక టైలరక్క కూర్చుని ఉంది. కూతురి ఫీజు కోసం జాకెట్లు కుట్టి కుట్టి ఆ చీటీలో పోసింది. ఆమె చప్పట్లు కొట్టలేదు, గొడవా చేయలేదు, చేతిసంచిలోంచి ఆ టిక్కుల పుస్తకం బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కూడిక అయ్యేదాకా.

విడుదల పొందిన ఆవిడ అబద్ధం చెబుతోందని నేననను. నిజంగానే ఆమెకు శాంతి దొరికి ఉండొచ్చు. కాకపోతే ఆ శాంతికి డబ్బు కట్టింది టైలరక్క.

బైబిల్లో క్షమాపణా, తిరిగి ఇవ్వడమూ విడిపోవు. సంఖ్యాకాండము 5:7 చాలా స్పష్టం: తప్పు ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా తిరిగి ఇవ్వాలి, దాని మీద అయిదో వంతు కలపాలి. అంటే లక్ష ముంచితే లక్షా ఇరవై వేలు. జక్కయ్య సంగతి తీసుకోండి. సుంకపు గుత్తదారుడు, యెరికో వాళ్లందరికీ అతని మీద మంట. యేసు అతని ఇంట్లో బస చేయడానికి వెళ్లాడు. అతను నిలబడి సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని లెక్క చెప్పాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట దాని తర్వాత వచ్చింది. డబ్బు కట్టి రక్షణ కొన్నాడని కాదు. యేసు ముందే వచ్చి అతని ఇంట్లో కూర్చున్నాడు. కానీ రక్షణ వచ్చిందనడానికి గుర్తు జక్కయ్య కళ్లలో నీళ్లని లూకా రాయలేదు, అంకెలు రాశాడు.

మత్తయి 5:23, 24 ఇంకా ఘాటు. కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వెళ్లాక, నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు. ఎవరికి ఎవరి మీద ఉందో చూడండి. మనకు వాళ్ల మీద ఉన్న కోపం గురించి కాదు, వాళ్లకు మన మీద ఉన్న ఫిర్యాదు గురించి. ఈ వాక్యం మన సంఘాల్లో నిజంగా పాటిస్తే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధన రోజున సగం మంది బండ్లు స్టార్ట్ చేసుకుని బయటికి పోవాలి.

దశమ భాగం తప్పకుండా ఇస్తున్నాను. అది లెక్కలోకి రాదా?

ఇవ్వండి, మంచిదే. కానీ పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు తీసి ఇచ్చే పరిసయ్యులను, అంటే ఆజ్ఞలు పట్టుదలగా పాటించే యూదు మతనిష్ఠులను, యేసు మెచ్చుకోలేదు, న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారని తిట్టాడు (మత్తయి 23:23).

తీరం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లను అడగండి. పట్టుబడి రోజు తెల్లవారుజామున నీళ్లలో దిగి వల లాగి, ఐసు కొట్టి, ట్రేలు లారీకి ఎక్కించి, లారీ వెళ్లిపోయాక గట్టు మీద కూర్చుని కూలి కోసం ఎదురుచూస్తారు. రొయ్య రేటు పడిపోయింది, వచ్చే వారం రండి అంటాడు యజమాని. ఆ వచ్చే ఆదివారమే ఆయన కానుక కవరు మందిరంలో పడుతుంది. ఏ నాటి కూలి ఆ నాడు, పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15. కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతోందని, ఆ కేక దేవుని చెవిన పడిందని యాకోబు 5:4. కాబట్టి నా లెక్క ఇది: ముందు కూలి, తర్వాత కానుక. రొయ్యల రైతు నష్టాలు నాకు తెలియనివి కావు, వైట్ స్పాట్ రోగం వస్తే చెరువుకి చెరువు పోతుంది. అయినా నష్టాన్ని మొదట భరించాల్సింది గట్టు మీద కూర్చున్నవాడు కాదు.

"మీవాళ్లంతా బియ్యం కోసం మారినవాళ్లే" అంటారు. ఏం చెప్పాలి?

కోపం తెచ్చుకోకుండా చరిత్ర చెప్పండి, అది మన జిల్లాలోనే ఉంది. 1876-78లో ధాత కరువు. ఒంగోలులో 1866 నుంచి పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్ల భాషలో క్లౌ దొర, మిషనరీ కాకముందు సర్వేయరు పని చేసినవాడు. అందుకని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. క్రైస్తవులకే కాదు, వచ్చినవాళ్లందరికీ. అక్కడ వేలమంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వనన్నాడు. కూలీ కోసం, కూడు కోసం అడుగుతున్నారేమో అన్న అనుమానం తీరాలని పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పని ముగిశాక, ఇంక సాయం చేయడానికి డబ్బు లేదు వెళ్లిపొమ్మన్నా వాళ్లు వెళ్లలేదు. అప్పుడు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి.

ఇందులో మనం నేర్చుకునేది ఇంకొకటి ఉంది, మనకే తగిలేది. సాయం చేయడాన్నీ, మతంలో చేర్చుకోవడాన్నీ ఆయన విడదీశాడు. ఇప్పుడు మనం దుప్పట్లు పంచినా, స్కూలు బ్యాగులు ఇచ్చినా ముందు గంటన్నర ప్రసంగం వినిపించి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టి అప్పుడు చేతికిస్తున్నాం. అవతలివాళ్ల మాట పూర్తిగా అబద్ధమని గట్టిగా చెప్పాలంటే ముందు ఇది మానాలి.

మందు మానేశాను, సినిమాలు మానేశాను. మంచి క్రైస్తవుణ్ణే కదా?

మందు మానేయడం చిన్న విషయం కాదు, మీ ఇంట్లోవాళ్లకు దాని విలువ తెలుసు. క్లౌ దొర రోజుల్లో మాదిగపల్లెల్లో కొత్త విశ్వాసులకు మూడు షరతులు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు వింటే పైపై నియమాల్లా ఉంటాయి గానీ, ఊరి పండగకు డప్పు కొట్టమన్నప్పుడు కొట్టం అనడం, ఆదివారం పనికి రామనడం అప్పట్లో పెత్తందార్లకు ఎదురు తిరగడమే. దాని కోసం దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. అంటే ఆ నియమాలకు ఖరీదు ఉండేది. ఇప్పుడు మనం పెట్టుకునే నియమాలు, ఫలానా బట్టలు, ఫలానా నగలు, ఫలానా పాటలు, వాటికి ఖరీదేమీ లేదు, పైగా పక్కవాళ్లను తీర్పు తీర్చడానికి పనికొస్తాయి. సినిమా మానేసి ఆ మూడు గంటలూ ఫోన్లో మనిషి మీద మనిషి చెడు చెప్పుకోవడం నాకు తెలిసిన చాలా భక్తిగల ఇళ్లలో ఉంది.

సంఘంలోనే కులం ఉంటే విశ్వాసం మనిషిని మార్చినట్టా?

మారలేదు, ఆ విషయంలో. సాకులు చెప్పను. మాలపల్లి మందిరం, మాదిగపల్లి మందిరం అని విడివిడిగా ఉన్న ఊళ్లు మీకూ తెలుసు, పెద్ద కులం నుంచి ఒకరు నమ్ముకుంటే వాళ్లకు వేదిక మీద కుర్చీ వేసే సంఘాలూ తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి నా పాదాల దగ్గర కూర్చో అనడం తప్పని యాకోబు 2లో మాటకు మాట ఉంది. క్లౌ దొరకే ఈ పరీక్ష వచ్చింది. మాదిగలను చేర్చుకోకపోతే మేము వస్తామని ఒంగోలు పై కులాలవాళ్లు అన్నారట. ఆయనా, ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 నుంచి వచ్చే మాటలే కనిపించాయని ఆయన రాసుకున్నాడు, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు. మన జిల్లా సంఘం పుట్టింది ఆ నిర్ణయం మీదే.

నరకం భయంతో చేసే మంచి మంచేనా?

ఆకలితో ఉన్నవాడికి అన్నం అన్నమే, పెట్టినవాడు ఎందుకు పెట్టాడో వాడికి అనవసరం. పెట్టినవాడికి మాత్రం తేడా ఉంటుంది, భయం పోగానే చెయ్యి ఆగిపోతుంది. మత్తయి 25లో తీర్పు రోజున రాజు కుడివైపున్నవాళ్లు "ప్రభువా, ఎప్పుడు నీకు అన్నం పెట్టాం?" అని ఆశ్చర్యపోతారు. వాళ్లు లెక్క రాసుకోలేదు.

దేవుడు చెప్పాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా?

బీటెక్ పిల్లలు ఈ మధ్య ఇది ఎక్కువ అడుగుతున్నారు. క్రీస్తుకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీస్ ఇలాంటిదే అడిగాడు. క్రైస్తవ వేదాంతులు ఎక్కువమంది చెప్పే జవాబు, మంచితనం దేవునికి బయట ఉన్న రూలు కాదు, ఆయన ఇష్టమొచ్చినట్టు మార్చే హుకుమూ కాదు, ఆయన స్వభావమే అది అని. నాకు ఇది సబబుగానే తోస్తుంది. కాకపోతే అడిగిన పిల్లవాడు అమ్మ ఫోన్ ఎత్తుతున్నాడా లేదా అని కూడా నేను అడుగుతాను.

యేసు పక్కన సిలువ మీద చివరి నిమిషంలో నమ్మిన దొంగ పరదైసుకు పోతే, జీవితాంతం మంచిగా ఉన్నవాళ్ల మాటేంటి?

మత్తయి 20లో యేసు చెప్పిన కథలో, సాయంత్రం వచ్చినవాళ్లకూ అదే కూలి ఇస్తే పొద్దున్నే వచ్చిన కూలీలు సరిగ్గా ఇదే అడిగారు. యజమాని వాళ్లకు ఒప్పుకున్నది తగ్గించలేదు. మరొకడికి దక్కినందుకు మనకు కడుపుమంట ఎందుకో అది చూసుకోవాలి.

మా అమ్మ యేసును నమ్మకుండానే పోయింది. చాలా మంచిది. ఆమె ఎక్కడుంది?

దీనికి సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. మన వైపు బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో చాలామంది కఠినంగానే చెబుతారు. కాథలిక్ చర్చి, తమ తప్పేమీ లేకుండా క్రీస్తును ఎరగనివాళ్లు మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందగలరని రెండో వాటికన్ మహాసభలో 1964లో రాసుకుంది. తీర్పు మాత్రం దేవునిదని అందరూ ఒప్పుకుంటారు. సమాధి దగ్గరే నిలబడి "మీ అమ్మ నరకంలో ఉంది" అనే బోధకుడు దొరికితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"మంచి విశ్వాస కుటుంబం" అని సంబంధం వచ్చింది. ఎలా తెలుసుకోవాలి?

ప్రార్థన ఎంతసేపు చేస్తారో చూడకండి. అబ్బాయి కోపమొచ్చినప్పుడు ఎలా ఉంటాడో, ఇంట్లో ఆడవాళ్లు ఆఖర్న తింటారా కలిసి తింటారా, అద్దెకున్నవాళ్లూ పనివాళ్లూ ఏమంటారో కనుక్కోండి. కట్నం దగ్గర చెవులు బాగా తెరిచి వినండి. "మేము అడగం, ప్రార్థన చేసుకుని మీకు దేవుడు ప్రేరేపించినంత పెట్టండి" అన్నారంటే అడిగినట్టే, దేవుణ్ణి మధ్యవర్తిగా పెట్టారు పైగా. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. ఆ చట్టానికి లోబడనివాళ్ల భక్తి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

తిరిగి ఇవ్వాలని ఉంది, కానీ నా దగ్గర డబ్బు లేదు. ఏం చేయాలి?

ముందు తప్పించుకు తిరగడం ఆపి వాళ్ల ఇంటికి వెళ్లండి. పక్కన పాస్టరుగారిని తీసుకెళ్లకండి, ఆయన మొహం చూసి వాళ్లు మాట్లాడలేరు. ఎంత ఇవ్వాలో మీ నోటితో చెప్పండి, వాళ్లు తిడితే తిట్టనివ్వండి. నెలకు అయిదు వందలైనా సరే ఒక తేదీ అనుకుని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, ఇచ్చిన ప్రతిసారీ వాళ్ల చేత రాయించుకోండి. "మీరు విశ్వాసులు కదా, క్షమించేయండి" అనే మాట మాత్రం మీ నోటి నుంచి రాకూడదు, వదిలేయాలో వద్దో వాళ్లిష్టం. మనిషి చనిపోయి ఉంటే వాళ్ల పిల్లలకు ఇవ్వండి. ఎవరూ లేకపోతే ఏం చేయాలో కూడా సంఖ్యాకాండము 5:8లో ఉంది, అప్పుడు మాత్రమే అది దేవునిదై యాజకుడికి చేరుతుంది. బాకీ పూర్తిగా తీరేదాకా ఈ విషయం మీద సాక్ష్యం చెప్పకండి. తీరాక చెప్పాలనిపిస్తే అవతలివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే చెప్పండి.